ఒకే ఊపిరి శంకరప్ప

కామారెడ్డిలో వెలువడే 'మంజీర కబురు' వారపత్రికలో కళాకారుల పరిచయాలు రాసేది మహిపాలే. డప్పు దళమైనా, భజన మండలైనా, పెళ్లి బ్యాండయినా ఏదో ఒక ఆదివారం ఆయన కలం కింద పడాల్సిందే. ఒక్కరి పాటా విన్న పాపాన పోలేదు. ఫోన్‌లో పేరూ ఊరూ అడిగి, "చిన్ననాటి నుంచే సంగీతంపై మక్కువ" అని మొదలుపెట్టి, "కళామతల్లి ముద్దుబిడ్డ" అని ముగించేవాడు.

ఓసారి భజన మండలి కోసం రాసింది ఇంజనీరింగ్ కుర్రాళ్ల రాక్ బ్యాండ్‌కు అతికించేశాడు. గిటార్లు పట్టుకున్న నలుగురూ ఏకాదశి ఉపవాసాలు ఉంటారని అచ్చయింది. తల్లులు మురిసిపోయి, ఆ ఏకాదశికి వాళ్లకు నిజంగానే అన్నం పెట్టలేదు.

ఇలా హాయిగా సాగుతుండగా 2011 ప్రపంచకప్ ఫైనల్ వచ్చింది. సరిగ్గా ఆ రోజే భార్య సుష్మిత ఎల్లారెడ్డి ప్రయాణం పెట్టింది. తల్లిగారింట్లో ఆమె చెల్లెలికి కొడుకు పుట్టాడు, బాబును ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగ గురించి మాట్లాడుకోవాలి.

"నాకు బిచ్కుందల ఇంటర్వ్యూ ఉన్నది," అన్నాడు మహిపాల్.

"ఎవ్వలతోని?"

"పెద్ద సన్నాయి విద్వాంసుడు. పేరు చెప్పినా నీకు తెల్వది."

"చెప్పు, తెలుసుకుంట."

"శం... శంకరప్ప."

"పేరు చెప్పెతందుకు గంత కష్టమైతుందేంది?"

"గౌరవం," అన్నాడు మహిపాల్.

సుష్మిత ఒక్కతే బస్సెక్కింది. మహిపాల్ దోస్తు సెల్‌ఫోన్ల దుకాణంలో టీవీ ముందు కూర్చున్నాడు. కప్పు గెలిచిన ఊపులో అక్కడే వ్యాసం రాసేశాడు. అసలు పుట్టనే లేని శంకరప్ప ఆ ఊపులో ఎక్కడికో ఎదిగిపోయాడు. రాగం ఎత్తుకుంటే జొన్నచేను కోత అయ్యేదాకా ఊపిరి తీసుకోడట. ఆయన సన్నాయి వింటే బర్రెలు రెండింతలు పాలిస్తాయట. 'ఒకే ఊపిరి శంకరప్ప' అన్న బిరుదూ మహిపాలే ఇచ్చేశాడు. ప్రచారం గిట్టని మనిషని రాసి, ఫొటో బాధ కూడా వదిలించుకున్నాడు.

పత్రిక ఎల్లారెడ్డి చేరింది. అత్త నాగవ్వ అప్పటిదాకా అల్లుణ్ని "పేపర్లేసేటోడు" అని చుట్టాలకు పరిచయం చేసేది. ఇప్పుడు తానే ఫోన్ చేసింది.

"కొడుకా, గా శంకరప్పను మన తొట్టెలకు తోల్కరా. నీ దోస్తేనని వాడకట్టంత చెప్పిన."

లేని మనిషిని మహిపాల్ ఎక్కడి నుంచి తెస్తాడు? కానీ పెళ్లయిన ఇన్నేళ్లకు అత్త నోట "కొడుకా" అనిపించుకున్నాడు. నిజం చెబితే ఆ మర్యాదా పోతుంది, పత్రికలో చోటూ పోతుంది. అందుకే "సరే అత్తమ్మా" అన్నాడు.

మరునాడు సుష్మిత ముందు మొహం వేలాడేశాడు.

"శంకరప్పకు జ్వరమొచ్చింది."

"తొట్టెల వరకు తగ్గుతది."

"చెయ్యి గూడ ఇరిగింది."

"ఊదేది నోటితోని గదా?"

"వేళ్లు ఆడాలె గద!"

"అయ్యో పాపం. ఏ చెయ్యి?"

"రెండూ!"

"గంత దెబ్బ తాకితే సూసి రావాలె. పా, పోదాం."

సాయంత్రానికల్లా రెండు చేతులూ నయం చేయక తప్పలేదు. చివరికి శంకరప్పను కాశీయాత్రకు పంపించి మహిపాల్ చేతులు దులుపుకున్నాడు.

తొట్టెల రోజున ఇల్లంతా జనం. ఆడవాళ్లు పాటలు పాడుతూ బాబును ఊపుతున్నారు. శంకరప్ప కాశీ నుంచి రాలేదని చెప్పడానికి మహిపాల్ దిగులు మొహం సిద్ధం చేసుకుంటుండగా, వాకిట్లో ఆటో ఆగింది. బారెడు మీసాలు, గులాబీ రంగు తలపాగా, చంకలో సన్నాయితో ఒకాయన దిగాడు.

"నమస్కారం. ఒకే ఊపిరి శంకరప్ప అంటే నేనే."

అలాంటి మనిషే లేడని అరవాలంటే, లేని మనిషి గురించి రాసిందెవరని అడుగుతారు. నాగవ్వ శాలువా అందించింది, మహిపాల్ కప్పాడు. కాళ్లు మొక్కమంది, మొక్కాడు.

"మంచిగున్నవా బిడ్డా? కాశీల నిన్నే యాది చేసిన," అన్నాడు శంకరప్ప.

"మంచిగున్న... గురూజీ."

"జర సన్నాయి ఊదుండ్రి సారూ," అంది నాగవ్వ.

"ఎట్ల ఊదుదు అవ్వా? కాశికి పోతే పాణమసుంటి దాన్ని ఇడిసిపెట్టాలె గద. నేను సన్నాయే ఇడిసిన. గిప్పుడు నా లెక్క ఊదెటోడు ఒక్కడే ఉన్నడు. నా తాన మూడేండ్లు నేర్సుకున్నడు. సిగ్గుతోని ఎవ్వలకు చెప్పలే." సన్నాయి తీసి మహిపాల్ చేతిలో పెట్టాడు. "మీ అల్లుడే!"

అబద్ధమన్న మాట మహిపాల్ గొంతుదాకా వచ్చింది. సుష్మిత పక్కకొచ్చి చెవిలో గుసగుసలాడింది.

"కాదని చెప్పు, సూద్దాం. మా రాజలింగు మామను తోలి బిచ్కుందంత దేవులాడిచ్చిన, శంకరప్ప అన్నోడే లేడు. గీయన అంగట్ల ఎల్లిగడ్డలమ్ముతడు. నువ్వు పుట్టిచ్చినవ్, నేను తోల్కొచ్చిన. ఊదు."

మహిపాల్ కళ్లు మూసుకుని ఊదాడు. మొదట గాలి వచ్చింది. తర్వాత వచ్చిన చప్పుడుకు చంకల్లోని పిల్లలు ఏడుపందుకున్నారు, వాకిట్లో మేకలు తాళ్లు తెంపుకున్నాయి. ఊపిరి అయిపోయాక చూస్తే, నాగవ్వ కళ్లలో నీళ్లు.

"ఒక్క ఊపిరితోనే ఊదిండు నా కొడుకు! ఇగ మన ఇండ్లల్ల ఏ పండుగైనా అల్లుడిదే సన్నాయి. వచ్చే నెల మా అన్న బిడ్డ పెండ్లున్నది."

"ఊదుతడవ్వా," అని మొగుడి తరఫున సుష్మిత మాటిచ్చేసింది.

ఆ ఆదివారం మహిపాల్ సదాశివనగర్‌లో ఒక సన్నాయి కళాకారుడి గడప ముందు నిలబడ్డాడు. ఆయన గురించి నిరుడు రాశాడు గానీ, మనిషిని చూడడం ఇదే మొదలు.

"పోయినేడు నన్ను డోలు విద్వాంసుడని రాసింది మీరే గదా సారూ?" అన్నాడాయన.

మహిపాల్ తల వంచుకుని చెప్పులు విప్పాడు.

"నేనే అన్నా. గా సంగతి తర్వాత తిట్టు. ముందుగాల సన్నాయి ఎట్ల పట్టుకోవాల్నో నేర్పు, పెండ్లి వచ్చే నెలనే."