గుడ్డ నిండా కన్నాలే

ఆ రోజు ఆమె చేయాల్సింది చాలా చిన్న పని. ల్యాబుకు వెళ్లి, మిల్లు యజమాని ముందు ఒక నూలుగుడ్డకు నిప్పు పెట్టాలి. అది అంటుకోకూడదు. అంటుకుంటే ప్రాజెక్టుకు మంగళం పాడి ఆమెను వేరే ఊరి ల్యాబుకు పంపేస్తారు. పెళ్లయి నెల తిరగని ఆమే, భర్తా ఇక ఆదివారాల మొగుడూ పెళ్లాలే.

కిటికీలోంచి ఎండ మెల్లగా మంచం మీదికి పాకి ఆమె జడ చివర ఆగింది. ఆమె తోటి పరిశోధకురాలితో ఫోనులో మాట్లాడుతోంది. తలుపుకు ఆనుకుని భర్త వింటున్నాడు. అతను వింటున్నది గొంతునే. మాటలు సగమే చెవికెక్కాయి.

"నా గుడ్డ నిండా కన్నాలే" అంటూ నవ్విందామె.

దారాలకు పట్టించిన పొడి రేణువుల్లో కంటికి ఆనని కన్నాలుంటాయనీ, సెగ తగలగానే ఆ పొడి బొగ్గుపొర కట్టేలా చేసి మంటను ఆపుతుందనీ కూడా చెప్పింది. అప్పటికే అతను ఆ నవ్వులో ఎటో తేలిపోయాడు.

పాపం, పెద్దమనిషి ముందు చిరుగుల గుడ్డ పెడుతుందా? ఆమె స్నానానికి వెళ్లగానే కవరు తెరిచి, గుడ్డను వెలుగుకు పట్టి చూశాడు. ఒక్క కన్నమూ కనిపించలేదు. ప్రేమించేవాడికి లోపాలు కనపడవు కదా అని సర్దిచెప్పుకున్నాడు. కొత్త దుప్పటిలోంచి అంతే ముక్క కత్తిరించి, ఇస్త్రీ చేసి కవర్లో పెట్టాడు. అసలుదాన్ని మసిగుడ్డగా వాడుకోమని వంటింట్లో అమ్మకిచ్చాడు. ఆఫీసుకు వెళ్లే దారంతా అతని కాళ్లు నేలమీద లేవు.

ల్యాబులో లైటరు తాకగానే గుడ్డ భగ్గుమంది.

మిల్లు యజమాని బూడిద వంక చూశాడు. "ఇలా కాలేవి మేమూ నేస్తామమ్మా" అన్నాడు చాలా మర్యాదగా.

ఇంట్లో ఎవరైనా గుడ్డ మార్చారేమోనని ఆమె భర్తకు ఫోన్ చేసింది. మార్చింది తానేననీ, అసలుది అమ్మకిచ్చాననీ అతను గర్వంగా చెప్పాడు, పరువు నిలబడిందా అనీ అడిగాడు. తిట్టే ఓపిక లేక ఆమె అత్తగారికి ఫోన్ కలిపింది. బూడిద ఎత్తాల్సి ఉండటంతో స్పీకరు నొక్కి ఫోను బల్లమీద పెట్టింది. ఆమె నోరు తెరిచేలోపే అత్తగారు అందుకున్నారు.

"అమ్మాయీ, నీ మొగుడిచ్చిన మసిగుడ్డ పాలు దించుతుంటే జారి పొయ్యి మీద పడింది. నల్లబడి కూర్చుంది గానీ, మంట పుడితే ఒట్టు. ఇదేం గుడ్డే తల్లీ, కాలడం కూడా చేతకాదు దీనికి?"

లేచి వెళ్లబోతున్న మిల్లు యజమాని ఆగిపోయాడు. "పొగిడేవాళ్లను ప్రతి ల్యాబులోనూ చూశాను. ఈవిడ తిడుతున్నారు. పదండి, ఆ వంటిల్లు చూద్దాం."

వంటింట్లో ఆ మసిగుడ్డ నల్లబడని అంచును పొయ్యి మీద పెట్టి ఆయనే స్వయంగా చూసుకున్నాడు. సన్నటి పొగ లేచింది, అంతే. ప్రాజెక్టు ఈ ఊళ్లోనే సాగుతుందన్నాడు. అప్పుడే ఆయాసపడుతూ వచ్చిన భర్త గుమ్మంలో నిలబడిపోయాడు. అతన్ని తిట్టడానికి దారంతా ఏరి పెట్టుకున్న మాటలు ఆమెకు ఒక్కటీ గుర్తు రాలేదు.

మిల్లు యజమాని ఒక్కటే షరతు పెట్టాడు. ఇకమీదట ప్రతి గుడ్డనూ ముందుగా ఈ పెద్దావిడే పరీక్షించాలి.

ఆలోచించి చెబుతానన్నారు అత్తగారు.