ముక్తార్ తీసిన టైట్రేషన్

కెమిస్ట్రీ నేర్చుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు! ఒక టీవీ, ఒక సీడీ ప్లేయర్, కాసేపు కరెంటు ఉంటే చాలు. కరెంటు లేని రోజు ఆ పీరియడ్ తెలుగు పండితులకు ఇచ్చేయవచ్చు.

నమ్మరా? అయితే మీరు బోధన్ దగ్గరి ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఏసయ్య సారు పాఠం చూసి ఉండరు. విని ఉండరు అనడం లేదు, గమనించండి. అక్కడ పాఠం వినే పాత అలవాటు రెండువేల మూడులోనే మానుకున్నారు.

ఆ సంవత్సరం ఇన్‌స్పెక్షన్ కోసం కాలేజీకి కొత్త బురెట్లు, అంటే కింద చిన్న నల్లా ఉండే పొడుగాటి గాజు గొట్టాలు, వచ్చాయి. వచ్చిన పెద్దలు వాటిని చూసి ముచ్చటపడి వెళ్లారు. పెద్దలు అంత ముచ్చటపడ్డ సామానును పిల్లల చేతిలో పెడతారా ఎవరైనా? కాగితాలు చుట్టి బీరువాలో పెట్టారు. స్టాక్ రిజిస్టర్‌లో సంతకం మాత్రం కెమిస్ట్రీ లెక్చరర్ ఏసయ్య సారుది. ఒక్కటి పగిలినా ఆయన మెడకే చుట్టుకుంటుంది.

సరిగ్గా అప్పుడే కరస్పాండెంట్ ఆత్మారాం గారు హైదరాబాదులో ఒక సెమినార్‌కు వెళ్లొచ్చారు. తక్కువ ఖర్చుతో చిన్న చిన్న వీడియో పాఠాలు తీయడం గురించి అక్కడెవరో మాట్లాడారట. 'తక్కువ ఖర్చు' అన్న ముక్క చెవిన పడ్డాక మిగతా ఉపన్యాసం వినవలసిన అవసరం ఆయనకు కలగలేదు.

"ఏసయ్య సార్, మూడు నిమిషాల క్లిప్ తియ్యుండ్రి. బురెట్ ఒక్కపారి బయటికి తీస్తరు, మళ్ల లోపల పెడ్తరు. పిల్లలు ఏటేటా చూస్తరు. సామాను సల్లగుంటది, సదువు సదువయితది" అన్నారు.

ఏసయ్య సారు కాసేపు నసిగారు. కానీ నిజం చెప్పుకోవాలంటే, లోపల ఆయనకు ప్రాణం కుదుటపడింది.

కెమెరాకు ముక్తార్‌ను పిలిపించారు. బోధన్ నుంచి మాక్లూర్ దాకా ముక్తార్ తీయని పెండ్లి లేదు. పుస్తె కట్టే క్షణం తప్పిపోయినా పెండ్లివారు ఊరుకుంటారు గానీ, స్టేజీ ఎక్కిన పెద్దమనిషి వీడియోలో కనబడకపోతే ఊరుకోరు. పదిహేనేళ్ల అనుభవంలో ముక్తార్ నేర్చుకున్న మొదటి సూత్రం ఇదే. పెద్దమనిషి వచ్చాడంటే కెమెరా అటు తిరగాలి!

టైట్రేషన్ అనే ప్రయోగం షూటింగ్ మొదలైంది. ఫ్లాస్కులో రెండు చుక్కల ఇండికేటర్ కలిపిన యాసిడ్, బురెట్‌లో ఆల్కలీ. చుక్క చుక్కగా వదులుతుంటే, ఒక్క చుక్క దగ్గర నీళ్లలాంటి యాసిడ్ లేత గులాబీ రంగుకు మారుతుంది. దాన్నే ఎండ్ పాయింట్ అంటారు. ప్రయోగమంతా ఆ ఒక్క చుక్క కోసమే.

"ఇప్పుడు జాగ్రత్తగా చూడండి" అని ఏసయ్య సారు పుస్తకం భాషలో అన్నారో లేదో, తలుపు దగ్గర ఆత్మారాం గారు ప్రత్యక్షమయ్యారు. కెమెరా గిర్రున అటు తిరిగింది. కరస్పాండెంట్ కండువా సవరించుకున్నారు, చిరునవ్వు నవ్వారు. ఏసయ్య సారు నమస్కారం పెట్టారు. కెమెరా తిరిగి వచ్చేసరికి ఫ్లాస్కు గులాబీ రంగులో మెరిసిపోతోంది!

"ముక్తార్ భాయ్, గది మళ్ల తియ్యాలె. అసలు ముచ్చటే పోయింది" అన్నారు ఏసయ్య సారు.

"ఏం పోలే సార్. సాబ్ మొఖం మంచిగొచ్చింది. పూలు గూడ మిక్సింగ్‌ల కొడ్త" అన్నాడు ముక్తార్.

అన్నట్టే కొట్టాడు. మొదట గుండె ఆకారంలో ఏసయ్య సారు బొమ్మ గిరగిర తిరుగుతుంది. బురెట్ మీద పూలవాన కురుస్తుంది. సన్నాయి మోగుతుంది. ఆత్మారాం గారు క్లిప్పు చూసి "ఫస్ట్‌క్లాస్!" అన్నారు. ఇంకోసారి తీద్దామని ఆయనతో అనే ధైర్యం ఎవరికుంది?

మూడేళ్లు ఆ క్లిప్పు ఆడింది. ఒక్క బురెట్ పగల్లేదు! ఒక్క చొక్కాకు యాసిడ్ చిల్లు పడలేదు! దేశంలో ఏ ప్రయోగశాలకుంది ఈ రికార్డు?

ఫైనల్ ఇయర్ ప్రాక్టికల్స్‌కు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చారు. ఆయనకు మంచి భోజనం పెట్టి, క్లిప్పు చూపించి, పిల్లలను నోటితోనే నాలుగు ప్రశ్నలు అడగమన్నారు.

"ఎండ్ పాయింట్ ఎప్పుడొస్తుంది?" అని ఆయన ముందు బెంచీలో ఉన్న రాజలింగును అడిగారు.

"కరస్పాండెంట్ సార్ వచ్చినంక సార్!" అన్నాడు రాజలింగు తడుముకోకుండా.

ఎగ్జామినర్ నోరు తెరిచారు. పక్కనే ఆత్మారాం గారు తృప్తిగా తల ఊపుతున్నారు. ఎగ్జామినర్ నోరు మూసుకుని మార్కులు వేశారు. అందరూ పాస్!

అందరిలో బిల్కిస్‌కే ఎక్కువ మార్కులు. పరీక్షకు ముందు ఈ అమ్మాయి ఏసయ్య సారు వెంటపడింది. "సార్, ఒక్కపారి బురెట్ నా చేతికియ్యుండ్రి సార్. సీజన్‌ల షుగర్ ఫ్యాక్టరీ ల్యాబుల పనికి పోదామనుకుంటున్న" అంది. ఆ పని దొరికితే చదువు ఎమ్మెస్సీ దాకా సాగుతుంది, లేకపోతే డిగ్రీతో సరి. ఆ సంగతి సారుకూ తెలుసు. "గాజు సామాను బిడ్డా, పగుల్తది. క్లిప్పు ఇంకోపారి సూడు" అని పంపేశారు.

చెరకు బండ్లు రోడ్డెక్కాయి. ఫ్యాక్టరీ ల్యాబుకు వెళ్లిన బిల్కిస్ మరునాడే కాలేజీకి వచ్చి స్టాఫ్ రూమ్ ముందు నిలబడింది.

"బురెట్ చేతికిచ్చిండ్రు సార్. నల్లా ఎటు తిప్పాలెనో తెల్వలే. వీడియోల మీ చెయ్యి అడ్డముండె. తిప్పితే అంత ఒక్కపారే కారిపోయింది. నేర్చుకొని రమ్మని వారం టైమిచ్చిండ్రు" అంది.

ఆ పిల్ల ఏడిస్తే బాగుండుననిపించింది ఏసయ్య సారుకు. ఏడవలేదు. ఆయనకు మాత్రం తలెత్తుకోలేనంత సిగ్గేసింది. ఆమెను ల్యాబుకు తీసుకెళ్లి, బురెట్‌కు చుట్టిన కాగితం విప్పారు. స్టాండుకు బిగించబోతే మర ఎటు తిప్పాలో ఆయనకూ ఒక క్షణం తోచలేదు. ఆయన దాన్ని ముట్టుకుని కూడా మూడేళ్లయింది మరి.

మొదటిసారి బిల్కిస్ ఎక్కువ వదిలింది. రంగు ముదిరిపోయింది. రెండోసారి చుక్క చుక్కగా వదిలింది. ఒక్క చుక్క పడగానే లేత గులాబీ రంగు వచ్చి నిలిచింది. అమ్మాయి ఫ్లాస్కును వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది.

"సార్, ఇంకోపారి చెయ్యనా?" అంది.

"చెయ్యి బిడ్డా" అన్నారు ఏసయ్య సారు.

కాబట్టి పాఠకులారా, క్లిప్పుల గొప్పతనంలో ఎవరికీ సందేహం అక్కర్లేదు. ఖర్చు తక్కువ, కష్టం లేదు, గాజు పగలదు. ఉన్న లోపం ఒక్కటే. ఆ క్లిప్పు ఆడిన మూడేళ్లలో, దాన్ని ఇంకోసారి వేయండి సార్ అని అడిగిన విద్యార్థి ఒక్కరూ లేరు.