కొమరోలు రేవులో యుద్ధనౌక

సముద్రం లేనంత మాత్రాన కొమరోలు ప్రజలు నౌకలకు దూరంగా బతకాల్సిన ఖర్మ లేదని, కరువు మండలాల నౌకాభివృద్ధి సంస్థ చైర్మన్ గారు బస్టాండు సెంటర్లో ప్రకటించారు. డెబ్బై ఒకటి యుద్ధంలో సరుకులు మోసిన ‘సాగరసేవిక’ను దేశభక్తి నిమిత్తం ఊరి మొదట్లోనే లంగరు వేయిస్తామన్నారు.

ఆ నౌక ఘనచరిత్ర రాసి సభలో చదివే భాగ్యం పార్టీ మండల కార్యదర్శి రంగనాయకులుకు దక్కింది. మార్కెట్ యార్డు పదవికి ఇది దగ్గరి దారి అని అతనికి తెలుసు. ఆ ఓడలో వంటమనిషిగా చేసిన ఇస్సాకు ఊళ్ళోనే ఉన్నాడు కాబట్టి, వెంటనే వెళ్ళి ఎన్ని శత్రునౌకలను ముంచారో చెప్పమన్నాడు.

“మా దాంట్లో ఫిరంగే లేదు నాయనా,” అన్నాడు ఇస్సాకు. “ఉల్లిగడ్డలు, బూట్లు, మంచినీళ్ళు మోసినాం. దప్పికైనోడు మన కాడికి రాకూడదు, మనమే పోవాల. అదీ మా డ్యూటీ.”

రంగనాయకులు నిరాశపడలేదు. ఉల్లిగడ్డల సంగతిని ‘శత్రువు కంట నీరు తెప్పించిన నౌక’ అని రాసుకున్నాడు. ఫిరంగి లోటు చైర్మన్ గారే తీర్చారు. ఎండిపోయిన బోరులోంచి పీకిన కేసింగు పైపుకు బూడిదరంగు కొట్టించి, ఓడ రాగానే బిగించమన్నారు.

ఓడ లారీ మీద వచ్చింది. అసలుది ఎప్పుడో తుక్కు కింద పోయిందట, ముక్కు మాత్రం దొరికింది. మిగతాది గిద్దలూరులో రేకులతో వెల్డింగు చేయించారు. దేశం ముందుకు పోతున్నప్పుడు వెనక భాగం గురించి అడిగేవాళ్ళు దేశద్రోహులని చైర్మన్ గారు విలేకరులకు వివరించారు.

నేల మీద ఓడ అందంగా ఉండదు. జేసీబీతో గుంట తవ్వి, పట్ట పరిచి, కాలనీకి పోవాల్సిన మంచినీళ్ళ ట్యాంకర్లన్నీ అందులో కుమ్మరించారు. వారమైనా నీళ్ళు రాకపోయేసరికి కాలనీ నుంచి మాలకొండమ్మ బిందె చంకన పెట్టుకుని రంగనాయకులు వాకిట్లో నిలబడింది. ట్యాంకరు దేశసేవకు పోయిందన్నాడతను.

“మళ్ళీ ఎప్పుడొస్తాది నాయనా, దేశం నుంచి?”

అతను సభకు కాలనీ మొత్తాన్ని వెంటబెట్టుకు రమ్మన్నాడు.

అందరూ వచ్చారు, బిందెలతో సహా. తనకు పూర్ణకుంభ స్వాగతమనుకుని చైర్మన్ గారు ఒక్కొక్క బిందెకూ నమస్కారం పెట్టుకుంటూ వేదికెక్కారు.

రంగనాయకులు గొంతు సవరించుకున్నాడు. కంటనీరు వాక్యానికి చప్పట్లు పడ్డాయి. ఆ ఊపులో ఇస్సాకు మాటనూ అందుకున్నాడు. దాహంతో ఉన్నవాళ్ళను ఈ నౌక ఏనాడూ తన దగ్గరికి రప్పించుకోలేదనీ, తానే వాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళిందనీ చదివేసరికి సభంతా నిశ్శబ్దమైపోయింది. తన రచనకు ఇంత శక్తి ఉందని అతనికి ఆ రోజే తెలిసింది.

మాలకొండమ్మ లేచింది.

“పాపం, దానికిప్పుడు కదిలే ఓపిక లేదు గదా నాయనా. మేమే వస్తాంలే.”

ఆడవాళ్ళు వరసగా కదిలారు. ఒక్కొక్కరూ ఓడకు దణ్ణం పెట్టి, బిందె ముంచారు. ఇస్సాకు ప్యాంటు మడుచుకుని గుంటలోకి దిగి నిండిన బిందెలు అందించసాగాడు. ఆపమని చైర్మన్ గారు మైకు మూసి ఎస్సైని ఆజ్ఞాపించారు. యుద్ధనౌకకు దణ్ణం పెట్టేవాళ్ళను టీవీ కెమెరాల ముందు ఏ సెక్షను కింద ఆపాలో సెలవివ్వమన్నాడు ఎస్సై.

బిందెలు ఇళ్ళకు పోయి మళ్ళీ వచ్చాయి. నీళ్ళు తగ్గేకొద్దీ ఓడ ఒక పక్కకు ఒరిగింది. చివరకు బురదలో కూలబడింది. కేసింగు పైపు ఊడి చైర్మన్ గారి కారు దాకా దొర్లింది. ఇక యార్డు సంగతి మరిచిపోవాల్సిందేనని రంగనాయకులు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కానీ నాయకత్వమంటే ఏమిటో కష్టకాలంలోనే బయటపడుతుంది. చైర్మన్ గారు మైకు అందుకుని, నౌకాదళం పట్ల ఈ ప్రాంత మహిళల అభిమానం చూసి తన కళ్ళు చెమర్చాయన్నారు. వచ్చే నెలలో జలాంతర్గామిని తెప్పిస్తున్నానని ప్రకటించారు. అది పూర్తిగా మునగాలి కాబట్టి గుంట ఇంతకు పదింతలు ఉంటుందన్నారు.

మాలకొండమ్మ బిందె నెత్తికెత్తుకుని వేదిక దగ్గరకు వచ్చింది.

“తారీకు ముందే చెప్పు సామీ. డ్రమ్ములు తెచ్చుకుంటాం.”