దేవన్ దుప్పటి ముందు వరుస

దక్షిణాఫ్రికా ఉంజింటో ఊళ్లో ఫోటోలు తీసే దేవన్ ఆ పొద్దున వేసుకున్న పథకం చిన్నదే. ఇంటి ముందు గోడకు తెల్ల దుప్పటి కట్టి, తన లెన్సు మూలల్లో ఎంత చీకటి పెడుతోందో కొలవాలి. సమంగా వెలుగు పడిన తెలుపును ఫోటో తీస్తే ఆ లెక్క తెలిసిపోతుంది. అందుకు తగ్గట్టు అట్ట కత్తిరించి, ప్రింటు వేసేటప్పుడు మూలలకు కాసేపు అడ్డం పెడితే అక్కడి మొహాలు తేటపడతాయి.

ఇదంతా మేనత్త భాగ్యం పోరు పడలేకే. పొట్టి మనిషి, ఏ గుంపులోనైనా చివరికి నెట్టేస్తారు.

"నువ్వు తీసిన పెళ్లి ఫోటోలో నా చీరంచు కనబడతంది, మొహమేదిరా? రేపు నేను పోతే దండ దేనికేస్తారు, అంచుకా?"

అది 1994 ఏప్రిల్, తెల్లవాళ్లతో పాటు అందరికీ ఓటు వచ్చిన మొదటి ఎన్నిక. ముసలివాళ్లు, జబ్బు మనుషులు మిగతావాళ్లకంటే ముందుగా ఓటు వేసే రోజు అదేనని దేవన్ మరిచాడు. దుప్పటి, దాని ముందు బల్ల, బల్ల మీద కెమెరా పెట్టె చూసి, ఓట్లు వేసే చోటు ఇదేననుకుని టాక్సీ తోలే జెరాల్డ్ ఆరుగురు ముసలివాళ్లను గేటు దగ్గర దించి వెళ్లిపోయాడు. వాళ్లను చూసి మరికొందరు వచ్చి నిలబడ్డారు. ముందున్నవాడు మిల్లు పని మానేసిన సూబయ్య.

"తాతా, ఇక్కడ ఓటు లేదు, ఉత్త దుప్పటి!"

"మాకు తెలుసులేరా. ఓటు సాటుగా వేయాలంట గదా, అందుకేగా దుప్పటి."

దుప్పటి ముందు ఖాళీ అవుతుందేమోనని దేవన్ కెమెరా నొక్కుతూనే పోయాడు. ప్రతి ఫ్రేములో ఎవరో ఒకరు. తల తిప్పి చూస్తే వరుస చెరకు తోట మలుపు దాటింది. గొడుగు కింద జులూ అవ్వ, గుర్తింపు పుస్తకాన్ని గుడ్డలో చుట్టి గుండెకు ఆనించుకుంది. కాలికి కట్టుతో చెరకు కొట్టే మనిషి, ఒంటి మీద అరువు కోటు. తోపులాట లేదు, మాట లేదు. ఉత్త గుడ్డ ముందు అంతమంది అంత నిబ్బరంగా!

లోపల్నుంచి అత్త వచ్చింది. "గుడ్లప్పగించి చూస్తావేంట్రా? ఓట్లేసే హాలుకి తీసకపో!"

జెరాల్డ్‌ను పిలిచి, నాలుగు విడతల్లో అందరినీ టౌన్ హాలుకు చేర్చేసరికి మధ్యాహ్నమైంది. అట్ట కొలత దొరకనే లేదు, ఫిల్ములో ఒక్క ఫ్రేమే మిగిలింది. ఓట్లు వేసి వచ్చినవాళ్లను హాలు ముందు నిలబెట్టి, నట్టనడుమ కుర్చీ వేసి, వెంట వచ్చిన అత్తను కూర్చోబెట్టాడు. అంతలో జులూ అవ్వ అతని చెయ్యి పట్టుకుంది.

"నిన్నూ రమ్మంటందిరా, రా!" అన్నాడు సూబయ్య.

దేవన్ టైమర్ నొక్కి పరుగెత్తాడు. చోటు చివరే దొరికింది.

ప్రింటు కడిగి అత్త చేతిలో పెట్టాడు. ముక్కుపుడక రాయితో సహా ఆమె మొహం తేటగా వచ్చింది. చాలాసేపు చూసుకుని, మూల మీద వేలు పెట్టింది.

"అంతా బాగుంది గానీ, ఈ చివర చొక్కా ఒకటే కనబడతంది, మొహమేదిరా?"