కుడివైపు పిండిమర

పదకొండింటికి ప్రారంభోత్సవం. ఈలోగా అద్దాలు తుడిపించి, బోల్టో తాతకి ఒక గ్లాసు ప్లమ్ సారా పోసి, ఆయన చేత "బాగుంది" అనిపించుకుంటే చాలని ల్యూబిత్స పొద్దున్నే లెక్క వేసుకుంది. రాజధాని జాగ్రెబ్ నుంచి వచ్చిన ఆమె కట్టిన మొదటి భవనం ఇదే, ద్రావా నది ఒడ్డునున్న ఈ ఊరి గ్రంథాలయం. ముందుగోడ నిండా పన్నెండు అద్దాలు, వాటి మీద బోల్టో తాత గీసిన ఊరి కొండని పెద్దగా అచ్చేయించింది. "ఒక్క ఆకు అటూ ఇటూ అయినా గోడంతా పీకించేస్తా" అని తాత ముందే చెప్పాడు. మేయరూ తల ఊపాడు.

తీరా వచ్చి చూస్తే తాత బొమ్మలో ఎడమన ఉండాల్సిన పిండిమర కుడివైపున ఉంది.

"జ్వొంకో! అద్దాలు తిరగేసి బిగించావు కదయ్యా! రంగున్న వైపు బయటికి రావాలి!"

"భలేదానివే అమ్మాయీ! అద్దం బొమ్మకి రంగెప్పుడూ వెనకేగా. మా ఊళ్ళో పసిపిల్లనడిగినా చెబుతుంది."

"కాగితం మీద రాసిచ్చానుగా!"

"చూశా. పాపం పట్నం పిల్ల, పొరబడిందని వరసతో సహా నేనే సరిచేశా."

ల్యూబిత్సకి ఏడుపొక్కటే తక్కువ. జ్వొంకో ట్రాక్టరు మీది టార్పాలిన్ లాక్కొచ్చి గోడంతా కప్పించింది. అది చూసి మేయరు మురిసిపోయాడు.

"ఓహో, తెర తీసే వేడుకా! చెప్పవేం?" అని ఫైరింజను వాళ్ళ బ్యాండు పిలిపించాడు. బ్యాండు విని ఊరంతా వచ్చింది. ఊరు కదిలిందని టీవీ వాళ్ళొచ్చారు.

"గాలి ఎక్కువగా ఉందండీ, రేపు పెట్టుకుందాం" అంది ల్యూబిత్స.

"గాలికి తెర ఎగిరితే టీవీలో ఇంకా బాగుంటుంది!" అని మేయరే తాడు లాగాడు.

బ్యాండు ఆగిపోయింది. జనం అద్దాల వంక చూశారు, భవనం వెనకున్న అసలు కొండ వంక చూశారు, ఆపైన బోల్టో తాత వంక చూశారు. అసలు కొండ పక్కన కూడా పిండిమర కుడివైపే ఉంది.

తాత కాగితం మీద గీసుకున్న బొమ్మని అద్దం కింద పెట్టి, పైన రంగులేసి, అద్దాన్ని తిప్పేవాడు. దాంతో బొమ్మ తిరగబడి, యాభై ఏళ్ళుగా ఆయన పిండిమర ఎడమకే పడేది. ఎవరైనా ఎత్తిచూపితే, "చేతనైతే మీరే మరని జరపండి" అని కసిరేవాడు. ఆరు నెలలు ఆ బొమ్మనే చూసిన ల్యూబిత్స ఒక్కసారీ తలెత్తి కొండని చూడలేదు.

"ఎవరి పని ఇది?" అన్నాడు తాత.

జ్వొంకో ట్రాక్టరు వెనక నక్కాడు. "తప్పు నాదే తాతా" అంది ల్యూబిత్స.

"తప్పేంటే పిచ్చిదానా! నా బొమ్మే తప్పని ఒప్పుకుంటే పరువు పోతుందని ఇన్నేళ్ళూ మొండికేశాను." తాత కళ్ళు తుడుచుకున్నాడు. "మా అమ్మ ఆ మర నుంచి పిండి మూటతో దిగొచ్చేది ఈ దారినే. బాగుంది. పొయ్యవే సారా!"

"నేను ముందే అనుకున్నా!" అంటూ జ్వొంకో ట్రాక్టరు వెనక నుంచి వచ్చాడు.

అద్దం మూలన ఉన్న తాత సంతకం మాత్రం బయటి నుంచి చూస్తే తిరగబడింది, చదవాలంటే లోపలికి వెళ్ళాలి. ఊళ్ళో సగం మంది గ్రంథాలయం మెట్లెక్కింది అందుకే.