ఒకే ఇల్లు, ఒకే అడ్రసు

ఆదివారం పదకొండు గంటలకు శ్రీవాణికి ఇంటర్వ్యూ. పులివెందులలో ఒక ప్రైవేటు స్కూలు వాళ్లు లెక్కల టీచరు పోస్టుకు కంప్యూటర్‌లోనే మాట్లాడి తీసుకుంటామన్నారు. పెళ్లయినప్పటి నుంచి బీరువాలో పడి ఉన్న బీఎడ్ సర్టిఫికెట్‌కు తొమ్మిదేళ్లలో ఇదే మొదటి పిలుపు. అందుకే పొద్దున కాఫీ ఇస్తూ మొగుడిని ఒక్కటే కోరింది.

"పదకొండున్నర దాకా కంప్యూటర్ల జోలికి పోవాకండి."

మొగుడు రాఘవేంద్రప్రసాద్ జమ్మలమడుగులో ఒక ఆఫీసు సూపరింటెండెంటు. ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితాన్ని ఒకసారి చినగకుండా లాగినప్పటి నుంచి అక్కడ ఆయనే కంప్యూటర్లు తెలిసిన మనిషి. ప్రొద్దుటూరు ఇంట్లో నెట్ ఏర్పాటూ ఆయనదే. కనెక్షన్ ముందు గదిలోని ఆయన కంప్యూటర్‌కు వస్తుంది. అక్కడి నుంచి ఒక వైరు లోపలి గదిలోని శ్రీవాణి కంప్యూటర్‌కు పోతుంది. ఫోన్ సిగ్నల్ గడప దాటని ఆ ఇంటికి ఇదే ఆధారం.

జోలికి పోవద్దన్నదంటే అక్కడేదో లోపం ఉండే ఉంటుందని ఆయనకు తోచింది. భార్య స్నానానికి పోగానే రెండింటి సెట్టింగులూ తెరిచాడు. ఘోరం కనిపించింది. ఒకే ఇంట్లో ఉన్న రెండు కంప్యూటర్లకు అంకెల్లో రెండు అడ్రసులు! ఆయనదాని చివర ఒకటి, ఆమెదాని చివర రెండు. ఇంటికి డోర్ నంబరు ఒక్కటే ఉండగా అడ్రసులు రెండెలా ఉంటాయి? రెండును చెరిపి ఒకటి కొట్టాడు. మధ్యలో ఏదో హెచ్చరిక వస్తే, ఆఫీసు సర్క్యులర్ల మాదిరే చదవకుండా ఓకే నొక్కాడు.

శ్రీవాణి తల తుడుచుకుంటూ వచ్చి చూసింది. నెట్ లేదు.

"ఏమన్నా చేసినారా?"

"నేనేం చేస్తా? ఇప్పుడే సరిగ్గా ఉండాది."

ఆ "ఇప్పుడే" ఏమిటో ఆమె అడిగేలోపే ఆయన దొంగను పట్టేశాడు. గోడ అవతల మక్బూల్ ఉంటాడు, కువైట్‌లో పదేళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేసి వచ్చినవాడు. వాళ్ల కిటికీలో నెట్ డబ్బా లైట్లు మిణుకుమంటున్నాయి. ఇక్కడ పోయింది అక్కడికే పోయిందని తేల్చుకొని వెళ్లి తలుపు కొట్టాడు.

"మక్బూల్ భాయ్, మా నెట్ మీ ఇంట్లోకి వస్తాంది."

మక్బూల్ కోపపడలేదు. తమకు వేరే కనెక్షన్ ఉందనీ, కావాలంటే తానే వచ్చి ఆ కంప్యూటర్లు చూస్తాననీ అన్నాడు. దొంగ చేత ఇల్లు తనిఖీ చేయించడం ఏ రూల్సులోనూ లేదని రాఘవేంద్రప్రసాద్ తిరిగొచ్చాడు. గడప బయటే నిలబడి కంపెనీకి ఫోన్ చేసి, లైను దొంగతనం జరుగుతోందని చెప్పి, తక్షణం ఆపమన్నాడు. ఏ ఫిర్యాదూ ఎన్నడూ వినని కంపెనీ ఆ రోజు విన్నది. పది నిమిషాల్లో లైనే ఆపేసింది, ఆయన కంప్యూటర్‌లోనూ నెట్ పోయింది.

పదిన్నరకు గోడ వెంబడి వైరు పీకాడు. పావుతక్కువ పదకొండుకు, లోపల ఎక్కడైనా తెగిందేమోనని కత్తెరతో కోసి చూశాడు. నిజంగానే తెగి ఉంది.

"మీరు చూస్తాండండి" అని శ్రీవాణి సర్టిఫికెట్లు తీసుకొని బయటికి నడిచింది.

తల బల్ల కింద పెట్టి వెతుకుతున్న ఆయనకు కాసేపటికి గోడ అవతలి నుంచి ఎవరో భిన్నాలు వివరిస్తున్న గొంతు వినిపించింది. ఎంత బాగా చెబుతోందో అనుకున్నాడు. అది తన భార్య గొంతని తెలియడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో ఎవరూ అడ్డురాకుండా ఆమె అంతసేపు మాట్లాడగా ఆయన ఎప్పుడూ వినలేదు.

మక్బూల్ భార్య హఫీజా శ్రీవాణిని తమ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, వంటింటి తలుపు మూసి, కుక్కర్ కూడా ఆపేసిందట.

మధ్యాహ్నం మక్బూల్ కొత్త వైరుతో వచ్చాడు. క్షమాపణ అడగాలని రాఘవేంద్రప్రసాద్ నోరు తెరిచాడు గానీ, బయటికొచ్చింది "టీ తాగుతావా?" అన్న మాట. మక్బూల్ రెండు కంప్యూటర్లూ చూశాడు.

"రెండిటికీ ఒకే నంబరు ఎవురు పెట్టినారు సార్? ఇట్లయితే ఒకదానికొకటి యాడ కలుస్తాయి?"

"వైరస్ అయ్యుంటాది" అన్నాడాయన. శ్రీవాణి టీ గ్లాసు మక్బూల్ చేతికిచ్చింది.

నాలుగు రోజులకు ఉద్యోగం ఖాయమైంది, ఉండడానికి క్వార్టర్సుతో సహా. కంపెనీ లైను మళ్లీ ఇచ్చినప్పుడు శ్రీవాణి మక్బూల్‌తో చెప్పి వరస తిప్పించింది. ఇప్పుడు కనెక్షన్ ముందు ఆమె కంప్యూటర్‌కు వచ్చి, అక్కడి నుంచి ఆయనదానికి పోతుంది. ఆమె తన పాస్‌వర్డ్ కొట్టి తెరిస్తేనే ఆయనకు నెట్.

శ్రీవాణి సోమవారం నుంచి శనివారం దాకా పులివెందులలో ఉంటుంది.