పెద్ద ధార

మా ఆవిడ నాగేశ్వరికి కిడ్నీలు పనిచేయడం మానేశాయని, ఇక వారానికి రెండుసార్లు డయాలిసిస్ తప్పదని డాక్టరు చెప్పిన రోజు సాయంత్రం, నేను చేసిన మొదటి పని కారు బానెట్ ఎత్తి చూడటం. నవ్వితే నవ్వండి. బాగుచేయడం నాకు తెలిసిన వస్తువు ఇంట్లో అదొక్కటే.

అది రెండువేల రెండో సంవత్సరం. కాపురం సంగారెడ్డిలో, ఆస్పత్రి హైదరాబాదులో. పోను గంటన్నర, రాను గంటన్నర. నా కారు మామూలుది కాదు. రేసుల్లో తిప్పిన ఒక ఆసామి దగ్గర కొన్నాను. వెడల్పాటి టైర్లు, గొంతు బొంగురుపోయిన సైలెన్సరు. "ఇందులో వెళ్తుంటే పేషెంటుని తీసుకెళ్తున్నట్టుండదండీ, దొంగని తప్పిస్తున్నట్టుంటుంది" అనేది నాగేశ్వరి.

దాన్ని ఇంకాస్త ఉరికించగలిగితే పూటకి ఇరవై నిమిషాలు కలిసొస్తాయని లెక్క వేశాను. తిరిగొచ్చేటప్పుడు ఆమె నీరసంతో కిటికీకి తల ఆనించి, ప్రతి గతుకుకీ కళ్లు మూసుకునేది. ఆ బాధలో ఇరవై నిమిషాలు కోసేయాలని నా ఆశ.

ప్లాంటులో ఇరవై ఆరేళ్లుగా నేను బాయిలర్ల మనిషిని. బాయిలర్ మందగిస్తే నూనె చిమ్మే ముక్కు తీసేసి పెద్దది పెడతాం, మంట పెరుగుతుంది. కారులో పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు కూడా అలాంటి ముక్కే కదా. ఎక్కువ ధార ఇచ్చేవి నాలుగు ఆ రేసు ఆసామి దగ్గరే సంపాదించి, టిఫిన్ క్యారియర్ సంచిలో దాచి, పటాన్‌చెరులో మెకానిక్ లింగం దగ్గరికి పట్టుకుపోయాను.

లింగం వాటిని అరచేతిలో పెట్టుకుని, సంతలో పొట్టేలు పళ్లు చూసినట్టు చూశాడు. "సారూ, పెట్రోల్ ఎంత పోయాల్నో చెప్పేది లోపలున్న కంప్యూటరు. దానికి ఎరుక లేకుంట పెద్దయి పెడితే ఇంజనుకు గొంతుల అడ్డంబడి పొరవోతది" అన్నాడు. నేను అరగంట బాయిలర్ శాస్త్రం బోధించాను. చదువుకున్నవాడితో వాదన ఎందుకని బిగించేశాడు.

ఇంట్లో మాత్రం మామూలు సర్వీసింగే అని చెప్పాను.

"మామూలు సర్వీసింగుకి మీరు మీసం దువ్వుకోరే" అంది నాగేశ్వరి.

గురువారం బయల్దేరాం. పటాన్‌చెరులో రద్దీ చూసి కాజీపల్లి వైపు ఖాళీ రోడ్డెక్కించాను. దూరం ఎక్కువే కానీ, మన వేగానికి అదొక లెక్కా అనుకున్నాను. కాలు నొక్కేసరికి వెనక నల్లటి పొగ లేచింది.

"ఏమండీ, మన వెనకాల ఎవరో తారు కాస్తున్నారు" అంది నాగేశ్వరి.

ఒక వాగు పక్కన ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

అది ఆగకూడని చోటు. ఏదో ఫ్యాక్టరీ మురుగుని దొంగచాటుగా ఆ వాగులో పోసిపోతున్నారని ఊరి ఆడవాళ్లు వంతులు వేసుకుని కాపలా కాస్తున్నారట. నల్ల పొగ, ముక్కులదిరే పెట్రోలు వాసన, వాగు పక్కన కారు, దిగి దిక్కులు చూస్తున్న నేను. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? కాపలావాళ్లకి పెద్దదిక్కైన ఎంకమ్మ కర్రతో ఎదురొచ్చింది.

"ఏం పారబోయనీకి వచ్చినవ్ సారూ?"

ఇంజెక్టర్ల సంగతి వివరించాను. వివరించినకొద్దీ అదేదో విషం పేరనుకున్నారు. డిక్కీ తెరిపించారు. లోపల ఒక దిండు, ఫ్లాస్కు, ఆస్పత్రి ఫైలు. ఎంకమ్మ కారులోకి వంగి నాగేశ్వరి చేతికున్న డయాలిసిస్ సూదుల కట్టు చూసింది. కర్ర పక్కన పడేసింది.

"పెయ్యి మంచిగలేని మనిషిని గీ పొగబండిల తిప్పుతున్నవా" అని ఒక్క మాట అని, ఆ తర్వాత నన్ను లెక్కలోంచి తీసేసింది. ఆటో ఆపింది వాళ్లే. అందులో దిండు సర్దిందీ వాళ్లే. ఆస్పత్రిలో మూడు గంటలు ఆలస్యంగా డయాలిసిస్ మిషను దొరికింది. ఆ మూడు గంటలూ నాగేశ్వరి ఆయాసపడుతుంటే, పక్కన కూర్చుని ఆమె వీపు రాయడం తప్ప నా శాస్త్రం ఏమీ చేయలేకపోయింది.

నాలుగు రోజుల తర్వాత, నేను ప్లాంటులో ఉండగా, వాగు దగ్గర్నుంచి షెడ్డుకి లాక్కెళ్లిన కారుని లింగం తెచ్చి ఇంట్లో అప్పగించాడు. కంప్యూటరు సర్దాడట, పెద్ద ధార దారికొచ్చిందట. నాగేశ్వరే చెప్పింది. బెదురుతూనే నడిపి చూశాను. పొగ లేదు. పైగా బాణం.

"సీటు వీపుని తోస్తోంది, తెలుస్తోందా?" అన్నాను.

"తెలియకేం, చెవులు గుయ్యిమంటున్నాయి" అంది.

రెండు నెలలు క్యాంటీనులో ఆ వేగం మీద ఉపన్యాసాలిచ్చాను. చివరికి మా బాపిరాజు తన కారుకీ అవే కావాలని పట్టుబట్టాడు. వెంటబెట్టుకుని లింగం దగ్గరికి వెళ్లాను. లింగం తల గోక్కుని, డబ్బాలోంచి కాగితం పొట్లం తీశాడు.

"ఇగో సారూ, మీయే. బండి నా తాన ఉన్నప్పుడే అమ్మ ఫోన్ జేసి పాతయి పెట్టుమన్నది. సారుకు జెప్పకు, సంబరపడనీ అన్నది."

బాపిరాజు మర్యాదస్తుడు. పక్క షాపు బోర్డుని శ్రద్ధగా చదవసాగాడు.

ఇంటికి కోపంగానే వెళ్లాను. నాగేశ్వరి చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"నాతో ఒక్క మాట అనచ్చు కదా" అన్నాను.

"అంటే ఇంకేదో బిగించేవారు."

"ఇరవై నిమిషాలు కలిసొస్తాయని కదా, నాగూ."

ఆమె చేయి ఆగింది. "ఇంట్లో సాయానికొచ్చిన మీ అక్కయ్య, చూడ్డానికొచ్చే చుట్టాలు. అక్కడేమో ఆ మిషను. మనిద్దరమే ఉండేది ఆ దారిలోనే కదండీ. అందులో ఇరవై నిమిషాలు మిగిల్చి ఎక్కడ దాస్తారు?"

నేను కూర్చుని కొన్ని చిక్కుడుకాయలు ముందుకు లాక్కున్నాను. నా ఈనెలు సరిగా రావడం లేదని ఆమె మళ్లీ తీసింది.

ఆ తర్వాత మాకు నలభై ఒక్క ప్రయాణాలు దొరికాయి. ఒక్కదానిలోనూ స్పీడు ముల్లు నలభై దాటనివ్వలేదు. రేసు టైర్ల కారు ఎద్దుబండిలా పోతుంటే వెనక లారీవాళ్లకి మండేది. హారన్ మోగించి మోగించి, తిట్టుకుంటూ పక్కనుంచి వెళ్లేవారు. నాగేశ్వరి కిటికీలోంచి చేయి బయటపెట్టి దారి చూపించేది.

"పోనివ్వండి" అనేది, "పాపం, ఆయనకేదో తొందర."